వెలగని ఎర్రదీపం

పిల్లలూ! మా మైదుకూరు చుట్టుపక్కల కె.సి. కాలువ కింద పసుపు పండుతుంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తిన పసుపును కడప మార్కెట్టుకు తోలుతారు. వేళకు చేరాలని కొందరు తెల్లవారుజామున మూడు గంటలకే ట్రాక్టరు కట్టుకుని బయలుదేరుతారు. అది కర్నూలునుంచి కడపకు పోయే పెద్ద రోడ్డు. రాత్రంతా లారీలు పరుగెడుతూనే ఉంటాయి. నెమ్మదిగా పోయే ట్రెయిలరు వెనక ఎర్రదీపం లేకపోతే, వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకు అది మీదికి వచ్చిందాకా కనిపించదు.

మొన్న పసుపు రోజుల్లో ఒక సాయంత్రం మా పక్కింటి పిల్లవాడు ఆయాసపడుతూ వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు.

"సార్, నాయన రాత్రికి కడపకు పోవాల. ట్రెయిలరు వెనక లైటు వెలగల్యా. మీ టెస్టరు ఇస్తారా?" అన్నాడు.

ఇచ్చాను, కాని అది పని చెయ్యదని చెప్పే ఇచ్చాను. వాడు నమ్మలేదు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి, "బ్యాటరీ మీద పెట్టినా వెలగల్యా సార్, టెస్టరు పాడైపోయింది!" అన్నాడు.

టెస్టరుకేమీ కాలేదు. ఇంట్లో వాడే స్క్రూడ్రైవరు టెస్టరులో నియాన్ వాయువు నింపిన చిన్న బుడ్డి ఉంటుంది. సుమారు 60, 70 వోల్టులన్నా లేనిదే అది వెలగదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులే. బండి పనికి ఆ టెస్టరు పనిముట్టే కాదు.

అప్పుడు నా డిజిటల్ మల్టీమీటరు తీసుకుని నేనే వెళ్ళాను. బల్బు ఊడదీసి, మీటరు ఎర్రతీగ హోల్డరులోని కరెంటు మొనకు, నల్లతీగ ట్రెయిలరు ఇనుముకు ఆనించాను. మీటరు 12.4 చూపింది.

"కరెంటు వస్తాంది గదా సార్! మరి లైటు ఎందుకు వెలగల్యా? బల్బు కూడా కొత్తదే!" అన్నాడు పిల్లవాడు.

వాళ్ళ నాన్న మాత్రం, "మీటరు కంటే మా మెకానిక్కు బల్బే మేలు అయ్యవారూ," అన్నాడు. ఆ మాటలో చాలా నిజం ఉన్నది.

మెకానిక్కు బల్బు అంటే ఏమిటో తెలుసునా? హోల్డరులో ఒక 12 వోల్టుల బల్బు, దానికి రెండు తీగలు. ఒక తీగ చివర సూదిమొన, రెండోదాని చివర క్లిప్పు. అంతే! దానిని టెస్ట్ ల్యాంపు అంటారు. ఇంట్లో పాత బల్బు ఉంటే పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. నా పెట్టెలో ఉన్నది నేను చేసుకున్నదే.

దాని క్లిప్పు ట్రెయిలరు ఇనుముకు తగిలించి, సూదిమొన హోల్డరులో ఆనించాను. వెలగలేదు. క్లిప్పుకు ఒక పొడుగుపాటి తీగ కలిపి, దాని కొసను ట్రాక్టరు ఇనుముకు తగిలించాను. వెంటనే వెలిగింది!

చూచారా? బండిలో కరెంటు తీగ వెంట దీపానికి పోతుంది. తిరిగి రావటానికి తీగ ఉండదు, బండి ఇనుమే దారి. మెకానిక్కులు దీనిని ఎర్తు అంటారు. (పేరుకే ఎర్తు. టైర్లు రబ్బరువి గదా, నేలకూ దీనికీ సంబంధం లేదు.) ఆ ట్రెయిలరునుంచి ట్రాక్టరుకు తిరుగుదారి రెంటినీ కలిపే పిన్ను ఒక్కటే. దానికి తుప్పు, దుమ్ము, పాత గ్రీజు పట్టి ఉన్నాయి.

అయితే మీటరు అబద్ధం చెప్పిందా? లేదు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. 12ను కోటితో భాగించండి: అది లాగే కరెంటు ఆంపియరులో పదిలక్షల వంతు, కొంచెం పైన. 5 వాట్ల బల్బుకు సుమారు 0.4 ఆంపియరు కావాలి; అంటే మూడు లక్షల రెట్ల పైమాట! చీమ దాటిన పుల్ల మీద ఎద్దులబండి దాటుతుందా? మీటరు చీమను నడిపించి దారి ఉందన్నది. టెస్ట్ ల్యాంపు బండినే తోలి చూచింది.

ఈ లెక్కకు మూలమైన సూత్రాన్ని 1827లో ప్రకటించిన ఓమ్ కూడా బడిపంతులే. కొలోన్ పట్టణంలో తన బడి ప్రయోగశాలలోనే చాలా పరీక్షలు చేశాడు. ఆ సంగతి చెప్పుకోవటం నాకు సరదా.

మీటరును సరిగా అడిగితే అదీ దొంగను పట్టిస్తుంది. బల్బు తిరిగి పెట్టి, స్విచ్చి వేసి, మీటరు ఒక తీగ ట్రెయిలరు ఇనుముకు, రెండోది ట్రాక్టరు ఇనుముకు ఆనించాను. దారి బాగుంటే సున్నాకు దగ్గరగా ఉండాలి. 11 దాటి చూపింది! బల్బుకు అందవలసిన వోల్టులన్నీ ఆ తుప్పు దగ్గరే ఆగిపోయినవన్నమాట.

పిల్లవాడు ఉప్పుకాగితంతో రెండుచోట్ల ఇనుము తెల్లబడేదాకా రుద్దాడు. అక్కడ ఒక లావుపాటి తీగను బోల్టులతో బిగించాము. పిన్నును ఇక నమ్ముకోనక్కరలేదు. ఎర్రదీపం వెలిగింది.

"నేను కూడా ఒక మీటరు కొనుక్కుంటా సార్. ఏది కొనాల?" అని అడిగాడు.

ముందు టెస్ట్ ల్యాంపు చేసుకోమన్నాను. మీటరు కొంటే 10 ఆంపియర్ల రంధ్రం పక్కన ఏమి రాసి ఉందో చదవాలి. చవక మీటర్లమీద అక్కడ 'ఫ్యూజు లేదు' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ఉంటుంది. తీగ ఆ రంధ్రంలో ఉండగా పొరపాటున బ్యాటరీ రెండు కొసలకూ ఆనిస్తే అడ్డేమీ ఉండదు. తీగలు కాలి చేతులు బొబ్బలెక్కుతాయి. ఫ్యూజు ఉన్నదే కొనాలి. తీగ తెగిందో లేదో కూతతో చెప్పే ఏర్పాటు కూడా ఉంటే మంచిది. కాని బ్యాటరీ విప్పిన తరువాతనే అది వాడాలి.

కొత్త కార్లలోనూ, కంప్యూటరు పెట్టె ఉన్న మోటారు సైకిళ్ళలోనూ టెస్ట్ ల్యాంపు పెట్టకూడదు. అది లాగే 0.4 ఆంపియరు ఆ సన్నని పనితనానికి చాలా ఎక్కువ. అక్కడ మీటరే సరి. ఎయిర్ బ్యాగుల తీగలు సాధారణంగా పసుపుపచ్చ తొడుగుల్లో ఉంటాయి. వాటిని మాత్రం దేనితోనూ ముట్టవద్దు.

ఆ తెల్లవారుజామున ట్రాక్టరు చప్పుడుకు మెలకువ వచ్చి బయటికి వచ్చాను. మలుపు తిరిగిందాకా ఎర్రదీపం కనిపించింది.

మర్నాడు పిల్లవాడు తాను చేసుకున్న టెస్ట్ ల్యాంపు పట్టుకుని, ఆగి ఉన్న ఒక లారీ దగ్గరికి పోయాడట. లారీలో సాధారణంగా 24 వోల్టులుంటాయని నేను చెప్పటం మరిచాను. బల్బు తెల్లగా ఒక్కసారి మెరిసి మాడిపోయింది. నా పెట్టెలోనుంచి ఇంకొక బల్బు తీసి ఇచ్చాను.