కొండకు ఇచ్చిన మాట, కోల్‌కతా చదివిన తీరు

2025 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గూర్ఖాల సమస్యపై చర్చలు జరపడానికి పంకజ్ కుమార్ సింగ్ అనే విశ్రాంత ఐపీఎస్ అధికారిని తన ప్రతినిధిగా నియమించింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాన్ని సంప్రదించలేదు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ వెంటనే ప్రధానమంత్రికి అభ్యంతర లేఖ రాశారు. గూర్ఖాలాండ్ ప్రాదేశిక పాలనాసంస్థ 2011 జూలై 18న కుదిరిన త్రైపాక్షిక ఒప్పందం నుంచి పుట్టిందనీ, మూడు పక్షాలలో ఒకటైన రాష్ట్రాన్ని పక్కన పెట్టడం ఆ ఒప్పంద స్ఫూర్తికి విరుద్ధమనీ ఆమె వాదన.

వాదనలో తప్పు లేదు. ఢిల్లీ చేసింది మర్యాద తప్పిన పనే. కానీ ఆ లేఖ చదివిన డార్జిలింగ్‌వాసికి నవ్వు వచ్చి ఉంటే అతణ్ణి తప్పు పట్టలేం. ఆ ఒప్పందానికి మూడు పక్షాలున్నాయన్న సంగతి కోల్‌కతాకు గుర్తురావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. తన కుర్చీని మరొకరు పక్కకు జరిపినప్పుడు గుర్తొచ్చింది. కొండవాడి కుర్చీని తానే లాగేసిన సందర్భాలలో మాత్రం అది కేవలం పరిపాలనా వ్యవహారం.

కథ ఇంతకంటే పాతది. 1988 ఆగస్టు 22న ఇదే కలకత్తా నగరంలో కేంద్రం, జ్యోతి బసు ప్రభుత్వం, సుభాష్ ఘీసింగ్ నాయకత్వంలోని గూర్ఖా జాతీయ విమోచన కూటమి ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. అంతకు ముందటి రెండేళ్లను కొండవాళ్లు నేటికీ ‘ఛయాసీ’ అని పిలుస్తారు. అంటే ఎనభై ఆరు. 1986 జూలై 27న కాలింపోంగ్‌లో పోలీసు కాల్పులకు పదిమందికి పైగా బలయ్యారు. ఆ తరువాత ఊళ్లు ఊళ్లపై పడ్డాయి, ఇళ్లు తగులబడ్డాయి, కేంద్ర బలగాలు దిగాయి, 1988లో నలభై రోజుల బంద్ జరిగింది. మొత్తం పన్నెండు వందల మందికి పైగా చనిపోయారన్నది సాధారణంగా చెప్పే లెక్క. దీనిని అంతర్యుద్ధమని పిలవడానికి మన దేశంలో ఎవరికీ నోరు రాదు. ‘ఆందోళన’ అన్న మాటలోనే అంతా సర్దేస్తాం. చిన్న కొండ ప్రాంతంలో, అంత తక్కువ జనాభాలో అన్ని ప్రాణాలు పోతే దానికి ఏ పేరు పెట్టాలో పాఠకులే ఆలోచించాలి.

ఆ రక్తానికి బదులుగా కొండకు దక్కింది డార్జిలింగ్ గూర్ఖా పర్వత మండలి. ప్రత్యేక రాష్ట్ర కోరికను వదులుకుంటున్నామని ఘీసింగ్ రాసిచ్చాడు. 42 మంది సభ్యుల మండలిలో 28 మందిని ప్రజలు ఎన్నుకుంటారు, 14 మందిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. శాసనాధికారం శూన్యం. రాజ్యాంగంలో దానికి ప్రత్యేకమైన చోటు లేదు. అది రాష్ట్ర శాసనసభ చేసిన ఒక చట్టం మాత్రమే. శాసనసభ ఇచ్చినదాన్ని శాసనసభే తీసుకోగలదు. ఇంతకూ మాట ఇచ్చిందెవరు? రాష్ట్ర ప్రభుత్వం. మాట నిలుపుకున్నదీ లేనిదీ తేల్చేదెవరు? అదే ప్రభుత్వం. నా ఫిర్యాదంతా ఈ ఒక్క విషయం మీదే. మిగిలినవన్నీ దీని కొమ్మలు.

మండలి ఎన్నికలు మూడుసార్లు జరిగాయి. 2004లో గడువు తీరాక మళ్లీ జరగలేదు. ఎన్నిక లేకుండానే 2005లో ఘీసింగ్‌ను పాలకుడిగా కూర్చోబెట్టారు. వామపక్ష ప్రభుత్వానికి ఇది సౌకర్యం, ఘీసింగ్‌కూ సౌకర్యమే. కొండను నిశ్శబ్దంగా ఉంచినంత కాలం లెక్కలు అడగబోమన్న అలిఖిత ఒడంబడిక ఒకటి, లిఖిత ఒప్పందాన్ని మింగేసింది. ఇందులో కొండ నాయకుడి పాపం సగానికి తక్కువేమీ కాదు. తన ప్రజల ఓటును తానే ఎగ్గొట్టినవాడు కోల్‌కతా దగా చేసిందని ఏ నోటితో అనగలడు? ఆ తరువాత ఆరో షెడ్యూలు హోదా అన్నారు, 2005 డిసెంబరులో మరో పత్రంపై సంతకాలు చేశారు, 2007లో పార్లమెంటులో బిల్లులు పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు. అవి అక్కడే ఆగిపోయాయి. ఈలోగా బిమల్ గురుంగ్ గూర్ఖా జనముక్తి మోర్చా స్థాపించాడు, ఘీసింగ్ కొండ దిగిపోవలసి వచ్చింది.

ఇక 2011 నాటి ఒప్పందం. అధికారంలోకి వచ్చిన రెండు నెలల లోపే మమతా బెనర్జీ సాధించిన గొప్ప విజయంగా దానిని కోల్‌కతా పత్రికలు కీర్తించాయి. సిలిగురి దగ్గర పింటైల్ గ్రామంలో కేంద్ర హోంమంత్రి చిదంబరం సమక్షంలో సంతకాలు జరిగాయి. 59 విభాగాల బదిలీ, కేంద్రం నుంచి ఏటా 200 కోట్ల చొప్పున మూడేళ్ల సాయం, ఆందోళన కేసుల సమీక్ష, తరాయి, దువార్ల గ్రామాల చేర్పును పరిశీలించడానికి ఒక సంఘం, అమలును సమీక్షించడానికి మూడు పక్షాల సమావేశాలు. ఈసారి ప్రత్యేక రాష్ట్ర కోరికను వదులుకోకుండానే మోర్చా ఒప్పుకుంటున్నదని పత్రంలోనే రాశారు. 1988కీ 2011కీ మధ్య కొండ నేర్చుకున్న పాఠం ఆ ఒక్క వాక్యమే.

గ్రామాల సంగతి చూడండి. మోర్చా అడిగినవి దాదాపు 400 మౌజాలు. విశ్రాంత న్యాయమూర్తి శ్యామల్ సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2012లో ఇవ్వదగినవని తేల్చినవి అయిదు. మైదానంలోని ఆదివాసీ సంఘాలు ఈ చేర్పును గట్టిగా వ్యతిరేకించాయి, వారి భయం నిజమైనదే. నాలుగు వందలూ న్యాయమైన కోరిక అని నేను అనను. కానీ సరిహద్దును తేల్చకుండా సంతకం పెట్టించుకుని, ఆ తరువాత సంఘం వేసి, చివరకు అయిదు గ్రామాలు చేతిలో పెట్టడం సయోధ్య అనిపించుకోదు. 1993 నాటి బోడో ఒప్పందం కూడా సరిహద్దు దగ్గరే కూలిందని ఢిల్లీకీ కోల్‌కతాకూ తెలియనిది కాదు.

తెలుగు పాఠకులకు ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉండాలి. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్రుడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలి. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవిని ఆరో వేలితో పోల్చి పక్కన పెట్టారు. తెలంగాణ మిగులు నిధులెన్నో తేల్చడానికి 1969లో వశిష్ఠ భార్గవ సంఘం కావలసి వచ్చింది. 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో మూడు నెలలలో అమలు కావాలి. పదహారేళ్ల తరువాత, 2001లో, ఎందుకు అమలు కాలేదో చూడడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ఇక్కడా అంతే. హామీ ఇచ్చినవాడే దానికి వ్యాఖ్యాత, వ్యాఖ్యాతే న్యాయమూర్తి. తెలంగాణకు మాట తప్పిన పెద్దమనుషులలో కొందరు వ్యక్తిగతంగా నిజాయితీపరులే. కానీ ఆ ఒప్పందాన్ని విప్పి చూసే మూడో చేయి ఎక్కడా లేదు.

అందుకే 2013 జూలై 30న కాంగ్రెస్ తెలంగాణ నిర్ణయం ప్రకటించగానే డార్జిలింగ్ కదిలింది. గురుంగ్ అదే రోజు పాలనాసంస్థ పదవికి రాజీనామా చేశాడు. కోల్‌కతా దానిని అవకాశవాదమంది. అయి ఉండవచ్చు. కానీ ఒక ఒప్పందం పనిచేస్తూ ఉంటే వెయ్యి మైళ్ల అవతలి వార్త దానిని కూల్చగలదా?

అప్పటికే మరో పని మొదలైంది. 2013లో లెప్చాలకు ఒక అభివృద్ధి బోర్డు, తరువాత తమాంగులకు, షేర్పాలకు, భూటియాలకు, మంగర్లకు, ఇలా వరుసగా బోర్డులు పుట్టుకొచ్చాయి. నిధులు పాలనాసంస్థ చేతికి రాకుండా కోల్‌కతా నుంచి నేరుగా ఆ బోర్డులకు చేరాయి. లెప్చాల భాషకూ సంస్కృతికీ జరిగిన నిర్లక్ష్యం నిజం, వారికి సాయం అందవలసిందే. అయితే ఆ సాయం ఎన్నికైన సంస్థను దాటి ఎందుకు పోవాలి? ఒప్పందాన్ని రద్దు చేయనక్కరలేదు. దాని చుట్టూ మరో కాలువ తవ్వితే చాలు, అసలు చెరువు దానంతట అదే ఎండిపోతుంది.

2017 మే నెలలో బడులలో బెంగాలీ బోధన తప్పనిసరి అన్న ప్రకటన వెలువడింది. కొండకు వర్తించదన్న వివరణ తరువాత వచ్చింది. నేపాలీ మాట్లాడేవారి గుండెలో ఆలోగానే దిగవలసింది దిగింది. అప్పుడే పాలనాసంస్థ లెక్కలపై ప్రత్యేక ఆడిట్‌కు ఆదేశించారు. మోర్చా లెక్కలు పారదర్శకమని ఎవరూ అనరు. మరి అంతకు ముందు అయిదేళ్లు ఆడిట్ ఎందుకు నిద్రపోయింది? స్నేహం ఉన్నంత కాలం మూసుకుని, విభేదం రాగానే తెరుచుకునే ఖాతా పుస్తకాన్ని జవాబుదారీతనం అనరు, లాఠీ అంటారు. ఆ వేసవి బంద్ 104 రోజులు సాగింది. తేయాకు తోటలు మూతపడ్డాయి, ఇంటర్నెట్ ఆగిపోయింది, మనుషులు చనిపోయారు. చివరకు ఎన్నికైన సంస్థ స్థానంలో నామినేట్ చేసిన బోర్డు కూర్చుంది. మళ్లీ ఎన్నికలు 2022 జూన్‌లో. అంటే 1988 నుంచి కొండకు ఇచ్చిన స్వపరిపాలన కాలంలో పెద్ద భాగం ఓటుతో సంబంధం లేకుండానే గడిచింది.

ఇక కేసుల సంగతి. 2017లో గురుంగ్‌పై ఉపా చట్టం కింద కేసులు పెట్టారు. మూడేళ్లకు పైగా అజ్ఞాతంలో ఉన్న ఆ మనిషి 2020 అక్టోబరు 21న ఎక్కడో అడవిలో దొరకలేదు, కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో ప్రత్యక్షమయ్యాడు. బీజేపీతో తెగతెంపులు, తృణమూల్‌కు మద్దతు అని పత్రికలవారి ముందు ప్రకటించి, నింపాదిగా వెళ్లాడు. అతడు నేరస్థుడైతే పట్టుకోవాలి. కాకపోతే కేసు ఎందుకు పెట్టినట్టు? కేసుల సమీక్ష అన్న నిబంధనకు కోల్‌కతా ఇచ్చుకున్న అర్థం ఆ రోజు తెలిసింది.

ఢిల్లీని వదిలిపెట్టాలని నా ఉద్దేశం కాదు. 2009 నుంచి డార్జిలింగ్ లోక్‌సభ స్థానం బీజేపీదే. జస్వంత్ సింగ్, అహ్లూవాలియా, రాజు బిస్తా. ప్రతి ఎన్నికకూ ‘శాశ్వత పరిష్కారం’ అన్న అస్పష్టమైన మాట కొండ ఎక్కుతుంది, ఓట్లు పెట్టెలో పడగానే దిగిపోతుంది. ఒప్పందంలో మూడో పక్షం కేంద్రమే. బోర్డులు వెలసినప్పుడు, ఎన్నికలు ఆగినప్పుడు, నామినేషన్లు నడిచినప్పుడు సమీక్ష సమావేశం పిలిచి గట్టిగా అడగవలసింది ఆ పక్షమే. అడగలేదు. పుండు మానకుండా ఉంటేనే ఓటు పండుతుంది.

కోల్‌కతా మిత్రులు ఒక మాట అంటారు: 1905లో, 1947లో చీలిన నేలను మళ్లీ చీలుస్తామంటే ఎలా సహిస్తాం? ఆ బాధను నేను తేలిక చేయను. కానీ ప్రస్తుత ప్రశ్న చీలిక కాదు. చీల్చకుండా ఉండడానికి మీరే రాసిచ్చిన పత్రం ఏమైందన్నది. రాష్ట్రాన్ని విడగొట్టకూడదని నిజంగా కోరుకునేవాడు ఆ పత్రాన్ని అందరికంటే శ్రద్ధగా అమలు చేయాలి. ఉత్తర ఐర్లండ్‌లో ఆయుధాల అప్పగింతను తేల్చడానికి కెనడా సైనికాధికారి డి చాస్టెలెయిన్ నేతృత్వంలో స్వతంత్ర సంఘం పనిచేసింది. లండన్ మాటనూ నమ్మలేదు, తిరుగుబాటుదారుల మాటనూ నమ్మలేదు. మనకు విదేశీయుడు అక్కరలేదు. ఏ పక్షానికీ జీతగాడు కాని ఒక సంఘం, గడువులు, బహిరంగ నివేదిక చాలు.

పంకజ్ కుమార్ సింగ్ మొదట చేయవలసిన పని కొత్త కోరికల జాబితా సేకరించడం కాదు. 2011 ఒప్పందాన్ని ముందు పెట్టుకుని, 59 విభాగాలలో ఏవి ఏ తేదీన బదిలీ అయ్యాయో, వాటి సిబ్బంది, నిధులు, నియామకాధికారం ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో, ఎన్ని సమీక్ష సమావేశాలు జరిగాయో, వాటికి ఎవరు రాలేదో ఒక్కొక్క నిబంధన పక్కన రాయాలి. ఆ పట్టికను నేపాలీలో, బెంగాలీలో అచ్చువేయించి పంచాలి. కోల్‌కతా అభ్యంతరం చెబితే దానిని కూడా అందులోనే, సంతకంతో సహా, అచ్చువేయాలి.