తెరమీది లెక్కల మాష్టారు

కాకినాడ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. వాళ్ళ అమ్మాయి పదో తరగతి. తక్కిన సబ్జెక్టులన్నీ ఫరవాలేదుట. లెక్కల పేరెత్తితే మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందిట. మొన్నటి పరీక్షలో నూటికి 31 వచ్చాయి. ట్యూషనుకు పంపుదామంటే రాత్రి ఎనిమిదిన్నరకు గాని వదలరు. అంత రాత్రివేళ పిల్ల ఒక్కతీ సైకిలుమీద రావాలి. ఆన్‌లైనులో చెప్పించమని చుట్టాలంతా సలహా ఇస్తున్నారు. ఫోను చేతికిస్తే ఉన్న చదువు కాస్తా ఊడుతుందని ఆవిడ భర్తగారి వాదం. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఏం చెయ్యమంటారని ఆవిడ ప్రశ్న.

చుట్టాలు చెప్పేదీ నిజమే, భర్తగారు చెప్పేదీ నిజమే. చిక్కల్లా అక్కడే వచ్చింది.

మా పక్కవాటాలో ఉండే అమ్మాయి కిందటేడు ఇలాగే చదువుకుంది. వాళ్ళమ్మ ఉద్యోగానికి వెళ్ళివచ్చేసరికి పొద్దుపోతుంది గనక, సాయంత్రాలు పిల్ల దగ్గర కూర్చునే పని నాకు పడింది. ఆ నాలుగు నెలల్లో నేను చూసింది చెబుతాను.

మొదట ఒక సంగతి. ఆన్‌లైను ట్యూషను అన్న ఒకే పేరుతో మూడు రకాల సరుకు దొరుకుతోంది. ఒకటి, ఎప్పుడో తీసిపెట్టిన పాఠాల వీడియోలు. రెండోది, ఒక మాష్టారు వందలమందికి ఒకేసారి చెప్పే క్లాసు. మూడోది, ఒక మాష్టారు, ఒక విద్యార్థి. ధర చెప్పేటప్పుడు మూడోదాని గురించి మాట్లాడి, తీరా డబ్బు కట్టాక మొదటిది చేతిలో పెట్టేవాళ్ళున్నారు. అంచేత "మా పిల్ల నోట్‌బుక్కు ఎవరు చూస్తారు?" అని ముందే అడగండి. జవాబు నసిగితే అక్కడితో నమస్కారం పెట్టెయ్యండి.

వీడియోలు చెడ్డవని నేననను. కాని వాటిలో ఒక మాయ ఉంది. మా అమ్మాయి వర్గ సమీకరణాల మీద గంటసేపు వీడియో చూసి, "అంతా అర్థమైంది పిన్నీ" అన్నది. అదే లెక్క కాగితంమీద చెయ్యమంటే రెండో మెట్టులో ఆగిపోయింది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఆవిడ పక్కన పూటంతా కూర్చుని చూడండి, ఎంత సులువో అనిపిస్తుంది. కుండమీద మన చెయ్యి పెడితే గదా రేకు చిరిగేది! లెక్కలూ అంతే. అర్థం కావడం వేరు, చేతికి రావడం వేరు.

తరువాత వారానికి రెండు రోజులు ఒక రిటైరైన లెక్కల మాష్టారి చేత విడిగా చెప్పించే ఏర్పాటు జరిగింది. ఆయన మొదటి రోజున పాఠమే చెప్పలేదు. ఫోనును పిల్ల ముఖానికి ఎదురుగా కాక, నోట్‌బుక్కు కనబడేలా పెట్టమన్నారు. పప్పులడబ్బా మీద నాలుగు పుస్తకాలు పేర్చి, ఫోను కెమేరా అంచు దాటి కిందికి చూసేటట్టు పెట్టాం. పిల్ల వ్రాస్తూంటే ఆయన చూస్తూ కూర్చున్నారు. పావుగంటలో జబ్బు బయటపడింది. ఎక్స్ ప్లస్ 3, దాని వర్గం ఎంతంటే, ఎక్స్ వర్గం ప్లస్ 9 అని వ్రాసింది.

లెక్కలు మరిచిపోయిన అమ్మలు కూడా దీన్ని పట్టుకోవచ్చు. ఎక్స్ బదులు 2 వేసి చూడండి. 2, 3 కలిపితే 5. దాని వర్గం 25. పిల్ల లెక్క ప్రకారం 4, 9 కలిపి 13. మిగతా 12 ఏమైనట్టు? మాష్టారు ఒక చతురస్రం గీయించి, ఒక్కొక్క భుజాన్నీ ఎక్స్ అనీ 3 అనీ విడగొట్టించారు. లోపల నాలుగు గదులు వచ్చాయి: ఒకటి ఎక్స్ వర్గం, ఒకటి 9, మూడెక్సులవి రెండు. "ఈ రెండు గదులూ ఎవరికి దానం చేశావమ్మా?" అన్నారాయన. పిల్ల ఫక్కున నవ్వింది. లెక్కలు చేస్తూ అది నవ్వడం నేను చూడడం అదే మొదలు.

చూశారా! ఆ పొరపాటు పదో తరగతిది కాదు, ఎనిమిదిది. రెండేళ్ళుగా ఎవరూ పట్టుకోకపోవడంతో అది వర్గ సమీకరణాలలోకీ, నిరూపక జ్యామితిలోకీ పాకింది. పిల్ల మాత్రం "నాకు లెక్కలు రావు" అనే నిశ్చయానికి వచ్చేసింది. నలభైమందిలో ఒకతెగా కూర్చున్నప్పుడు ఈ సంగతి బయటపడడం కష్టం. చికాగో విశ్వవిద్యాలయంలో బెంజమిన్ బ్లూమ్ అనే ఆచార్యుడు 1984లో ఒక వ్యాసం వ్రాశాడు. విడిగా గురువు దగ్గర చదివిన సగటు విద్యార్థి, మామూలు క్లాసులోని నూటికి 98 మందిని మించాడని అందులో చూపించాడు. అంత గొప్ప ఫలితం తరవాతివారి పరిశోధనలలో రాలేదు గాని, మేలు జరుగుతుందన్నది మాత్రం నిలిచింది.

ఇక డబ్బు సంగతి. మాకు తెలిసిన ఒకరింటికి ఒక కంపెనీ మనిషి వచ్చి, పిల్లవాడికి అక్కడికక్కడే చిన్న పరీక్ష పెట్టి, వాడి భవిష్యత్తు గురించి తల్లిని గడగడలాడించి, అరగంటలో నెలవాయిదాల కాగితంమీద సంతకం పెట్టించుకు వెళ్ళాడు. పిల్లవాడు రెండు నెలలు చూసి మానేశాడు. వాయిదాలు మాత్రం మానలేదు. ఇలాంటివి పెరిగే, 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరిస్తూ ఒక ప్రకటన చేసింది. ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటుకు ఒప్పుకోవద్దనీ, షరతులు పూర్తిగా చదవమనీ అందులో ఉంది. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయం కోరవచ్చు. నా మటుకు నేను, ఏ నెల డబ్బు ఆ నెల కట్టడమే మేలంటాను.

ఖర్చు లేని దారీ ఉంది. పాఠ్యపుస్తకంలో పాఠాల దగ్గర గళ్ళగళ్ళ చదరపు ముద్ర ఉంటుంది. 2017లో మొదలైన దీక్ష అనే ప్రభుత్వపు యాప్‌తో దానిని ఫోనుకు చూపితే ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి వస్తుంది. తెలంగాణలో టీ-శాట్ చానళ్ళలోనూ పాఠాలు వస్తాయి. పాఠానికి ఇవి చాలు. డబ్బు పెట్టేదేదో పిల్ల వ్రాసినది దిద్దేవారికి పెట్టండి.

పునశ్చరణ ఎలా చెయ్యాలో మాష్టారు చెప్పిన పద్ధతి ఇది. ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని చెయ్యాలి. తప్పులకు వేరే నోట్‌బుక్కు పెట్టి, ప్రతి తప్పూ ఎందుకు జరిగిందో పక్కన ఒక్క ముక్క వ్రాయాలి. తెలియక తప్పిందా, గుర్తు మారిందా, ప్రశ్న సరిగా చదవలేదా? ఒకే పాఠంలోవి ఇరవై లెక్కలు వరసగా చెయ్యడంకన్న, త్రికోణమితిలోది ఒకటి, శ్రేఢులలోది ఒకటి, సంభావ్యతలోది ఒకటి కలిపి చేస్తే, ఏ లెక్కకు ఏ దారో ఎంచుకోవడం అలవాటవుతుంది. పరీక్షహాల్లో ఈ లెక్క ఫలానా పాఠంలోదని ఎవరూ చెప్పరు గదా! నేడు చేసినదాన్ని మూడోనాడు, పదోనాడు చూడకుండా మళ్ళీ చెయ్యాలి.

"మాకు ఇంగ్లీషు లెక్కలు రావు, మేమేం చేస్తాం?" అని తల్లులు అంటూంటారు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలలో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉంటుంది. పిల్ల ఎల్.సీ.ఎమ్. అన్నది మీరు చదివిన క.సా.గు. తప్ప మరోటి కాదు. లెక్క పూర్తయ్యాక, "ఎలా చేశావో నాకు చెప్పు" అని పక్కన కూర్చోండి. ఒకసారి మా అమ్మాయికి గది వెడల్పు రెండు విధాలుగా వచ్చింది, 5 మీటర్లనీ, మైనస్ 8 మీటర్లనీ. రెండూ వ్రాసి అడ్డుగీత గీసింది. "అప్పున్న గది ఎలా ఉంటుందే?" అన్నాను. గబగబా రెండోది కొట్టేసింది. ఆ ప్రశ్న వెయ్యడానికి నాకు లెక్కలు రానక్కరలేకపోయింది.

ఇక ఫోను భయం. పాఠం వసారాలోనో, నలుగురూ తిరిగే గదిలోనో జరగనివ్వండి. పాఠం కాగానే ఫోను పెద్దవాళ్ళ చేతికి వచ్చెయ్యాలి. మిగతా గంట కాగితం, కలం. తల్లిదండ్రులు లేనప్పుడు మాష్టారు విడిగా సందేశాలు పంపే పద్ధతి ఉండకూడదు. ఏ మాటైనా ఇంటి పెద్దల నంబరుకే రావాలి.

కాకినాడ సోదరికి నా సలహా: ఒక నెల చేయించి చూడండి. నెలాఖరున మార్కులకన్న ముందు ఆ తప్పుల నోట్‌బుక్కు తిరగెయ్యండి. మొదటివారపు తప్పులే నాలుగోవారంలోనూ ఉంటే మాష్టారిని మార్చండి. కొత్త తప్పులు కనబడితే మాత్రం సంతోషించండి, అమ్మాయి ముందుకు నడుస్తోందన్నమాట. ఈలోగా మీవారితో కూడా ఒక మాట చెప్పండి. 31 వచ్చిన పిల్లకు 35 చేరడానికి నాలుగే మార్కులు కావాలి. ఆ నాలుగూ ఎక్కడ పోతున్నాయో చూసిపెట్టే మనిషి ఒకరు దొరికితే చాలు.