ముందు ఆ నీళ్లెక్కడివో అడుగుదాం

తొలకరి అంటే మన చిన్నప్పుడు మట్టివాసన, కాగితప్పడవలు, వేడివేడి పకోడీలు. అపార్టుమెంట్లలో కాపురాలుంటున్న మనకి ఇప్పుడు వాన అనగానే ముందు గుర్తొచ్చేది సెల్లారు. నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, బాల్కనీలోంచి తొంగిచూసి "కిందికి నీళ్లొచ్చాయా?" అని ఒకరినొకరు అడుగుతాం. స్కూటర్లు రోడ్డుమీదికి చేర్చడం, అద్దె మోటారు కోసం ఫోన్లు, లిఫ్టు ఆపేయడం, రెండ్రోజులపాటు ఆ కంపు... ఏటా ఇదే తంతు. పండగలకి తిథులున్నట్టు దీనికీ ఒక తిథి ఉందనుకుని సర్దుకుపోతున్నాం.

సర్దుకుపోవడం మన ఆడవాళ్లకి కొత్త కాదు కదా! కానీ ఈ విషయంలో సర్దుకుపోకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మేముండేది హైదరాబాదులో ఐదంతస్తుల అపార్టుమెంటు. నెలకోసారి అసోసియేషన్ మీటింగు జరుగుతుంది. మగవాళ్లు కూర్చుంటారు, ఇళ్లలోంచి టీలు వెళ్తాయి. సెల్లార్లో నీళ్ల సంగతి వచ్చిన ప్రతిసారీ చర్చ ఒక్కటే: ఉన్న మోటారు చాలుతుందా, పెద్దది కొనాలా, ఫ్లాటుకెంత వేసుకోవాలి? నీళ్లు ఎలా తోడాలన్నదే మాట. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న ప్రశ్న మినిట్స్ పుస్తకంలో ఒక్కసారీ కనిపించదు.

ఆ సంగతి మొదట చెప్పింది మా వాచ్‌మన్ భార్య. "ఇవి వాననీళ్లు గావమ్మా. వాననీళ్లయితె గేటు దిక్కుకెల్లి రావాలె గద. ఇవి ఎనక గోడ కాడ ఊరుతున్నయి. సంపు నిండిన పొద్దల్లా ఇంకింత ఎక్కువొస్తయి. ఎండకాలం గూడ ఆడ తడి ఆరదు" అంది. ఆ మాట పట్టుకుని సంపు ఖాళీ చేయించి చూస్తే ఒక మూల నిలువునా పగులు! దాన్ని పూడ్పించాక సగం నీళ్లు ఆగిపోయాయి. మిగతా సగం భూమిలోంచి వచ్చే ఊట. దానికి వేరే ఉపాయం చెయ్యాల్సి వచ్చింది. ఎంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నామో ఆ అపార్టుమెంట్లో! ఏళ్ల తరబడి ఆ నీళ్ల పక్కన పడుకుని లేస్తున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

సెల్లార్లోకి వచ్చే నీళ్లన్నీ ఒకటి కావు. వాటి జాడ కనిపెట్టడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. పాలు విరిగాయా లేదా అని వాసనచూసి చెప్పే మనకి ఇదేం పెద్ద పని? వాన పడుతుండగానే ర్యాంపు మీంచి మట్టిరంగులో దిగేవి రోడ్డు నీళ్లు. గేటు దగ్గర రోడ్డుకంటే ఎత్తుగా ఒక గట్టు పోయించి, ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ వేసిన కాలువ పెడితే చాలావరకు ఆగుతాయి. వాన వెలిసిన ఒకటి రెండు రోజులకి తేటగా గోడల అడుగునుంచి ఊరేవి భూగర్భ జలాలు. వాన ఉన్నా లేకపోయినా ఒకేచోట చెమ్మ కనిపిస్తుంటే సంపునో పైపునో అనుమానించాలి. రాత్రి సంపు నింపి, అన్ని వాల్వులూ కట్టేసి, నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. తెల్లారేసరికి నీళ్లు గీత కిందికి దిగితే దొంగ దొరికినట్టే. ఇక నల్లగా, కంపు కొడుతూ తూములోంచి పైకి తన్నేవి డ్రైనేజీ నీళ్లు. వాటికి నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు ఉంటుంది. దాన్ని బిగించుకుని అప్పుడప్పుడూ శుభ్రం చేయించుకోవాలి.

ఒక్కో నీటికి ఒక్కో మందు. రోగమేమిటో తెలియకుండా అన్నిటికీ ఒకటే మాత్ర మింగితే ఎలా ఉంటుందో, అన్నిటికీ మోటారే మందనుకోవడమూ అలాగే ఉంటుంది.

ఊటనీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది లోపలి గోడకి వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయించి హమ్మయ్య అనుకుంటారు. మరుసటేడు ఆ పూత పెచ్చులుగా ఊడొస్తుంది. తప్పంతా మేస్త్రీది కాదు. గోడ వెనక మీటరు ఎత్తున నీరు నిలిస్తే, ఆ అడుగున చదరపు మీటరుకి టన్ను బరువుతో నెడుతుంది. లోపల పూసిన పలచని పూత దాన్ని ఎన్నాళ్లు ఆపుతుంది? నీటిని గోడకి బయటివైపే ఆపాలి. కట్టేటప్పుడే ఆ పని చేసి ఉండకపోతే, లోపలికొచ్చిన నీటికి మర్యాదగా దారి చూపాలి. గోడ వెంట చిన్న కాలువ, అది చేరడానికి ఒక గుంట, అందులో మట్టం పెరగ్గానే తనంతట తాను తిరిగే మోటారు. ఇంకుడుగుంటని సెల్లారు గోడకి ఆనించి తవ్వించిన వాళ్లున్నారు. భూమిలోకి పంపాలనుకున్న నీరు తిన్నగా వాళ్ల స్తంభాల కిందికే వస్తుంది. ఇంకుడుగుంట తప్పకుండా ఉండాలి, గోడకి దూరంగా ఉండాలి.

ఇంతకీ నీళ్లు మన ఇంటికొచ్చాయా, మనమే నీళ్లింటికి వెళ్లామా? మాసాబ్ ట్యాంక్ పేరులో చెరువు మిగిలింది, అక్కడ చెరువు మిగల్లేదు. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలకి కాలనీలు మునిగినప్పుడు నీళ్లు తమ పాత దారులే వెతుక్కున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వాళ్లని రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. అందుకే ఫ్లాటు కొనేముందు వంటగది ఎంత, ఈశాన్యం ఎటు అని చూసే మనం, ఆ చోట ఇదివరకు ఏముండేదో కూడా పాతకాపుల్ని అడగాలి. వీలైతే ఆ సెల్లార్ని ఎండాకాలంలో కాకుండా వానాకాలంలో చూసి రావాలి. గోడల అడుగున తెల్లటి ఉప్పుపూత ఉందంటే నీళ్లు అక్కడికి వచ్చి వెళ్తున్నాయనే అర్థం.

"మాది నాలుగో అంతస్తు, సెల్లార్‌తో మాకేం పని?" అనేవాళ్లు ప్రతి అపార్టుమెంట్లోనూ ఉంటారు. నాలుగో అంతస్తు గాల్లో లేదు కదండీ! సెల్లార్లోని స్తంభాలమీదే ఉంది. స్తంభంలోకి చెమ్మ దిగితే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. అడుగు అందరిదీ అయినప్పుడు ఖర్చూ అందరిదీ కావాలి.

బిల్డరు బాధ్యత సంగతీ తెలుసుకుని ఉండాలి. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే కట్టడాల్లో, ఇల్లు అప్పగించిన నాటినుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి మనం తెలియజేస్తే, పైసా అడగకుండా ముప్ఫై రోజుల్లో బాగుచేసి ఇవ్వాల్సింది బిల్డరే. నోటిమాటగా అడిగితే "వానలండీ, ఏం చేస్తాం" అంటాడు. కాగితం మీద రాసి, తేదీ వేసి, నీళ్ల ఫొటోలు జతచేసి అడిగితే జవాబు మారుతుంది. అందుకే తలుపు పక్కన క్యాలెండరుకి ఒక పెన్సిలు వేలాడదీయండి. పాలవాడి లెక్క రాసినట్టే ఏ రోజు వాన పడింది, ఏ రోజు నీళ్లొచ్చాయి, ఎటువైపునుంచి, ఎంత ఎత్తుకి అన్నది రాసిపెట్టండి. పగలంతా ఇంట్లో ఉండి చూసేది ఎక్కువగా మనమే. ఒక వానాకాలం లెక్క చేతిలో ఉంటే ఏ ఇంజినీరైనా కూర్చుని వింటాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణం. చాలా అపార్టుమెంట్లలో కరెంటు మీటర్లు సెల్లార్లోనే, చేతికందే ఎత్తులో ఉంటాయి. నీళ్లు నిలిచాయంటే మెయిన్ ఆపేదాకా ఎవరూ అందులో కాలు పెట్టకూడదు, స్కూటరు కోసమైనా సరే. ఆ మెయిన్ ఆపడానికే నీళ్లలోంచి నడిచి వెళ్లాల్సివస్తే, వెంటనే కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యాలి. మీటర్లని పైకి మార్పించడం ఖర్చయినా వాయిదా వేయదగ్గ ఖర్చు కాదు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు నేలమాళిగలోని లైబ్రరీకి వాననీళ్లు ముంచుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. చూస్తుండగానే నిండిపోయే చోటు అది. వస్తువులకే చాలని చోట మనుషుల్ని ఉంచకూడదని ఆ పిల్లలు పోయాక దేశమంతా అనుకుంది.

మరి మన కాళ్లకింద సంగతి? కాగితాలమీద సెల్లారు బళ్లకోసం ఉన్న చోటు. వాస్తవంలో ఎన్నో అపార్టుమెంట్లలో అక్కడ ఒక మూల రేకుల గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. గ్యాసుపొయ్యి, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, పొత్తిళ్లలో బిడ్డ. అర్ధరాత్రి నీళ్లొస్తే మనం లేచి చేసే మొదటి పనేమిటి? వాచ్‌మన్‌ని కేకేసి మన బళ్లు బయటికి తీయించడం. అతను మన బళ్లు తోస్తుంటే అతని భార్య తన బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లమీద నిలబడి ఉంటుంది. తెల్లారాక నీళ్లు తోడేది, బురద ఎత్తేది, బ్లీచింగు చల్లేది మళ్లీ వాళ్లే. ఆ తర్వాత వాళ్ల పిల్లలకి జ్వరమొస్తే "కాస్త శుభ్రంగా ఉండరమ్మా వీళ్లు" అని మనమే అంటాం!

కాబట్టి ఈసారి మీటింగుకి టీలు పంపించి ఊరుకోవద్దు. మనమే వెళ్లి కూర్చుందాం. వాచ్‌మన్ భార్యనీ పిలిచి కుర్చీ వేసి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఆమెనే చెప్పమందాం. మోటారు ఎన్ని హార్స్‌పవరన్నది ఆఖరున మాట్లాడుకోవచ్చు. ఆ కుటుంబానికి నేలకి పైన ఒక గది చూపించడం ఎజెండాలో మొదటి అంశంగా రాయిద్దాం. మేడమీద కొంత చోటో, మెట్లపక్క స్టోరురూమో వెతికితే దొరక్కపోదు. దొరకదని ఎవరైనా అంటే, వచ్చే వానకి ఒక్క రాత్రి ఆ రేకుల గదిలో పడుకుని రమ్మనండి.