అతిథి ధర్మం

పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడార్ తీరానికి సుమారు 1000 కిలోమీటర్ల దూరాన గలాపగోస్ ద్వీపాలున్నాయి. 1835లో చార్లెస్ డార్విన్ దర్శించిన ఆ దీవులలో నేడు సంపన్న యాత్రికులు విలాస నౌకలలో విహరిస్తున్నారు. వారి రాకతో స్థానికులకు జీవనోపాధి, ప్రకృతి రక్షణకు ధనం సమకూరుతున్న మాట నిజమే. కాని యాత్రికులతోపాటు పరదేశపు విత్తనాలు, కీటకాలు కూడా తీరం చేరుతాయి. పర్యాటకం, వలసలు, అన్యజీవజాతులు పెరగడంవల్ల 2007లో యునెస్కో ఈ దీవులను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చి, రక్షణచర్యలు గమనించి 2010లో తొలగించింది. అక్కడ ఒక్కొక్క నౌకలో 100 మందికి మించి యాత్రికులుండరాదు. 2024లో అధికసంఖ్యాకులైన విదేశీయులకు ప్రవేశ రుసుమును 100 డాలర్లనుండి 200 డాలర్లకు పెంచారు. అయితే విలాసయాత్ర చేయగల ధనికునికి రుసుము అడ్డు కాజాలదు. యాత్రికుల సంఖ్యకు హద్దు విధించడమే శ్రేయస్కరం. తాబేళ్లు, ఇగ్వానాలు ఆ దీవులకు గృహస్థులు, యాత్రికుడు అతిథి. గృహస్థుని ఇంటికి చేటు తెచ్చే అతిథికి అక్కడ తావుండరాదు.