ఏనుగులు కదిలాయా?

పోయిన ఆదివారం మా అమ్మాయి చెస్ పోటీ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. వరుసగా మూడో పోటీలోనూ ఓటమే. "కోచింగ్ మానిపించేద్దాం, ఫీజు దండగ" అన్నారు మావారు. అది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నేను దాని సంచీలోంచి ఎత్తులు రాసుకున్న కాగితం తీసి, వంటింటి గట్టు మీద బోర్డు పెట్టి ఒక్కో ఎత్తూ ఆడి చూశాను. నాన్నగారి దగ్గర నేర్చుకున్న ఆట, ఆ మాత్రం తెలుసు. ఫ్రెంచ్ డిఫెన్స్. మూడో ఎత్తులోనే అవతలి పిల్ల బంటుతో బంటుని కొట్టింది, మాది తిరిగి కొట్టింది. దాంతో 'ఇ' నిలువు వరసలో ఎవరి బంటూ మిగల్లేదు. తెరుచుకున్న వరస అంటే అదే. అవతలి పిల్ల కాస్లింగ్ చేసి, ఏనుగుని ఒక్క గడి జరిపి అక్కడ నిలబెట్టింది. మా అమ్మాయి ఏనుగూ ఆ వరసకి ఒక్క గడి దూరంలోనే ఉంది. ఈవిడగారేమో గుర్రాలేసుకుని దాడికి బయల్దేరింది. ఇరవై ఎత్తులయ్యేసరికి అవతలి ఏనుగు ఏడో అడ్డవరసలో దిగి బంట్లని తినడం మొదలెట్టింది. మావి రెండూ ఎక్కడివక్కడే.

ఖాళీ బోర్డు మీద ఏనుగు ఏ గడిలో ఉన్నా 14 గళ్ళు దాని అధీనంలో ఉంటాయి. అంతటిదాన్నీ ఎదురుగా ఉన్న సొంత బంటే కట్టేస్తుంది. (మూలన కూర్చున్న ఏనుగంటే గృహిణి గురించి చెబుతున్నాననుకునేరు. కాదు, ఏనుగు గురించే!) నిమ్జోవిచ్ 1925 నాటి 'మై సిస్టమ్'లోనే ఈ సంగతి వివరంగా రాశాడు: వరస పట్టుకోవడం దారి మాత్రమే, అసలు పని ఏడో వరసలోకో ఎనిమిదో వరసలోకో చొరబడటం. దిగే గడిని అవతలి పావులు కాస్తుంటే వరస దొరికీ లాభం లేదు. అది చూసుకోవడమే ఆలోచన.

మా పిల్లకి మొదటి పది ఎత్తులూ బట్టీ వచ్చు. పదకొండోదే రాదు. తప్పు దానిదొక్కదానిదే అనను. ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడిగేది మనమే కదా. "ఏనుగులు కదిలాయా?" అని ఏ తల్లైనా అడిగిందా? నేనూ అడగలేదు.

రాత్రి దాన్ని పిలిచి, ఆ వరస ఇంకా ఎవరిదీ కాని చోట ఆట ఆపి, "ఇక్కడ నువ్వయితే ఏం చేస్తావు?" అన్నాను. చాలాసేపు చూసి ఏనుగుని జరిపింది. మావారు పేపరు పక్కనపెట్టి వచ్చి కూర్చున్నారు.

ఫీజు సంగతి వచ్చే నెల చూద్దామన్నారు.