ఫొటోలో నవ్వు, ఫైలులో సాక్ష్యం

సముద్రాలు దాటి సేవకు వచ్చేవారి చిత్తశుద్ధిని శంకించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అమెరికా నుంచో, కొరియా నుంచో, యూరప్ నుంచో ఒక చర్చి బృందం రెండు మూడు వారాలు సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్లు కొనుక్కుని రాయలసీమ పల్లెకు వస్తుంది. వైద్య శిబిరం పెడుతుంది. పిల్లలకు పాటలు నేర్పుతుంది. బోరు వేయించడానికి చందా ఇస్తుంది. సాయంత్రం ప్రార్థన కూడికలో కూర్చుంటుంది. వెళ్లేముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీసుకుంటుంది. ఆ ఫొటో వాళ్ల ఊరి చర్చి పత్రికలోనో ఫేస్‌బుక్ పేజీలోనో పేర్లతో సహా కనిపిస్తుంది. అక్కడ అది సేవకు గుర్తు. అందులో నవ్వుతూ నిలబడిన దళిత యువకుడికి ఇక్కడ అది ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

మడకశిర వంటి చోట ఈ ప్రశ్న వేయక తప్పదు. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే పాత అనంతపురం జిల్లాకు ఇది దక్షిణపు కొస. దాదాపు మూడు పక్కలా కర్ణాటక. తెలుగు, కన్నడం కలగలిసిన మాట. వేరుశనగ ఎండిపోయిన ఏడాది బెంగళూరు కూలికి పోవడం ఇక్కడి గేరీలకు కొత్త కాదు. 2022లో జిల్లాల పునర్విభజనతో ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వయిన శాసనసభ నియోజకవర్గం. అంటే హాస్టల్ సీటు మొదలు శాసనసభ సీటు దాకా, ఈ నేల మీద ఒక దళితుడు ఎక్కగలిగే ప్రతి మెట్టుకూ తహసీల్దారు ఇచ్చే ఒక కాగితం ఆధారం. ఆ కాగితం మనిషి కులాన్ని చెబుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అతడి మతాన్ని కూడా అడుగుతుంది.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాలు) ఉత్తర్వులోని మూడో పేరా హిందూ మతం కాక మరో మతాన్ని అవలంబించేవారెవరూ షెడ్యూల్డ్ కులస్థులు కారంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి వెళ్లిన షెడ్యూల్డ్ కులాలవారిని, వారి సంతానాన్ని బీసీ-సి గ్రూపులో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977లో వచ్చిన జీవో 341 చట్టబద్ధం కాని కొన్ని రాయితీలను వారికీ వర్తింపజేసింది. కానీ చట్టసభల సీట్లు, ఎస్సీ కోటా ఉద్యోగాలు, అన్నిటికన్నా ముఖ్యంగా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ మూడో పేరా గడప దగ్గరే ఆగిపోతాయి. ఒకే గేరిలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల్లో ఒకడు ఎస్సీ, ఇంకొకడు బీసీ అవుతాడు. ఊరి రచ్చకట్టకు మాత్రం మూడో పేరా తెలియదు. ఆదివారం ఎక్కడికి వెళ్లొచ్చాడని అడిగి అది ఎవరినీ తిట్టదు.

అందుకే మన జనాభా లెక్కల్లో ఒక పెద్ద మౌనం ఉంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. షెడ్యూల్డ్ కులాలవారు 16 శాతానికి పైగా. ఆదివారం ఉదయం మాలపల్లెల్లో, మాదిగగేరీల్లో ఒకసారి నడిచివచ్చిన వారెవరికైనా మొదటి అంకె మీద నమ్మకం కుదరదు. దీన్ని దళితుల మోసంగా చిత్రించే వారున్నారు. ఒక చేత్తో విశ్వాస స్వేచ్ఛ ఇచ్చి, ఆ స్వేచ్ఛ వాడుకున్నవాడి నుంచి రెండో చేత్తో రక్షణ లాక్కునే రాజ్యానికి ఆ మాట ఎందుకు వర్తించదో వారు చెప్పరు.

న్యాయస్థానాల దారి కూడా అటే సాగింది. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులపరమైన వెనుకబాటు అదే తీవ్రతతో కొనసాగుతోందని నిరూపించాలని కోరింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో, ఆమె పసితనంలో జరిగిన బాప్తిస్మం రికార్డును కూడా ఆధారాల్లో లెక్కలోకి తీసుకుని, ఎస్సీ ధ్రువపత్రం ఇవ్వడానికి నిరాకరించింది. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని వ్యాఖ్యానించింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు ముందుకేసింది. పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి పెట్టిన అత్యాచార కేసులో, ఆయన ఎస్సీ ధ్రువపత్రం రద్దు కాకపోయినా సరే, క్రైస్తవుడైన నాటి నుంచే ఆ చట్టం రక్షణ పోయినట్టేనని తీర్పు చెప్పింది. ఇంతకాలం కాగితం ఉంటే చాలు, కాస్త నీడ ఉంటుందని అనుకున్నవారికి ఆ నీడ కూడా తీసేసిన తీర్పు అది.

సేవా బృందం ఫొటో దగ్గరకు ఇప్పుడు తిరిగి రావాలి. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం ప్రకారం తప్పుడు పత్రమని తేలితే రద్దు చేసే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది. ఫిర్యాదు ఎవరైనా పెట్టవచ్చు. భూమి తగాదాలో ఎదురు నిలిచినవాడు కావచ్చు, సర్పంచి ఎన్నికలో ఓడినవాడు కావచ్చు, అత్యాచార కేసులో ముద్దాయే కావచ్చు. ఒకప్పుడు ఒకడు క్రైస్తవుడని రుజువు చేయడానికి చర్చి రిజిస్టరు సంపాదించాలి, పాస్టరును పిలిపించాలి. ఈ రోజు ఫోనులో నాలుగు మాటలు కొట్టి వెతికితే సరిపోతుంది. ఊరిపేరు, మనిషి పేరు, మోకరించిన దృశ్యం, కింద ఆయన జీవితం ఎలా మారిందో చెప్పే ఇంగ్లిషు వాక్యం. విచారణాధికారికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ వాక్యం రాసిన ఇరవై ఏళ్ల విద్యార్థి ఈపాటికి తన కాలేజీలో ఉంటాడు. తాను ప్రేమతో రాసింది వేరొకరి ఫైలులో సాక్ష్యంగా చేరుతుందని ఆయన కలలో కూడా అనుకోడు. పేదరికం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూశాడు. కులం కనిపించదు, ఎవరైనా చెప్పాలి. చెప్పాల్సిన స్థానిక పాస్టరు చెప్పడు. ఎందుకంటే ఫొటో వెళ్తేనే వచ్చే ఏటి చందా వస్తుంది. ఈ విషయంలో బయటివారి కన్నా మన చర్చి నాయకత్వాన్నే ఎక్కువ నిలదీయాలని నా అభిప్రాయం.

విదేశీ సేవ ఎప్పుడూ ఇంత తొందరపాటుగా లేదు. 1876-78 నాటి మహా కరవు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. మడకశిర అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. అదే కరవులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. అన్నం కోసం మతం మారారన్న మాట తన మనుషుల మీద పడకూడదని ఆయన పట్టుదల. కరవు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు. అసలు ఆ ఉద్యమానికి మూలపురుషుడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. 1866లో విశ్వాసంలోకి వచ్చి, తన బంధుత్వాల వెంట ఊరూరా తిరిగినవాడు ఆయనే. వెట్టికి పోబోమని, చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, అమ్మవారి జాతరల్లో డప్పు కొట్టబోమని ఆ మాదిగలు నిలబడ్డప్పుడు దెబ్బలు తిన్నది కూడా వారే. మిషన్ చరిత్రల్లో మాత్రం క్లౌ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అలవాటే.

సేవ ఒకే దిశలో ప్రయాణించిందన్న అభిప్రాయం కూడా సరికాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ నేటాల్ చేరిన నాటి నుంచి వేలమంది తెలుగు కూలీలు దక్షిణాఫ్రికా చెరకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారి మధ్య పనిచేయడానికి 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ చందాలతో, తమ హోం మిషనరీ సొసైటీ తరఫున జాన్ రంగయ్యను పంపారు. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘాన్ని స్థాపించి, అక్కడే స్థిరపడి పనిచేశారు. వెళ్లినవాడూ, ఎవరి మధ్యకు వెళ్లాడో వారూ ఒకే భాషవారు. కూలి బతుకు ఏమిటో, కులం ఏమిటో ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. పదేళ్లు తిరక్కుండానే, 1910 ఎడిన్‌బరో మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీల ముఖానే ఒక ఫిర్యాదు చేశారు. వారి త్యాగాలను కాదనడం లేదు, లేనిదల్లా సమాన స్నేహం అన్నది దాని సారాంశం. ఆ సభలో చాలామందికి అది రుచించలేదు.

అనంతపురం దగ్గరే ఇంకో నమూనా ఉంది. స్పెయిన్‌లో పుట్టిన విసెంటె ఫెర్రర్ జెసూట్‌గా 1952లో భారతదేశానికి వచ్చారు. మన్మాడ్ ప్రాంతంలో రైతులతో కలిసి బావులు తవ్వించినందుకు స్థానిక పెత్తందారులకు కంటగింపై, 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మళ్లీ తిరిగి వచ్చి 1969లో అనంతపురంలో స్థిరపడ్డారు. మరుసటేడు సంఘాన్ని విడిచి గృహస్థుడయ్యారు. 2009లో మరణించి బత్తలపల్లి మట్టిలో కలిసేదాకా నలభై ఏళ్లు ఇక్కడే ఉన్నారు. ఆయన నిర్మించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు చర్చి కాదు, మత ప్రచారం దాని పని కాదు. దళిత కుటుంబాలకు ఇళ్లు కట్టించి ఆడవారి పేరు మీద రాయించడం, బడులు, ఆసుపత్రులు నడపడం దాని పని. స్పెయిన్ నుంచి వచ్చే స్వచ్ఛంద సేవకులు, దాతలు వస్తారు, చూస్తారు, వెళ్తారు. ఊరిలో పని సాగించేది ఇక్కడి గేరీల నుంచే వచ్చిన జీతపు సిబ్బంది. 2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడినప్పుడు అనంతపురం వీధుల్లోకి వచ్చిన జనంలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఆ నమ్మకం ఫొటోలతో వచ్చింది కాదు.

ఇక్కడ ఒక పోలిక తప్పదు. మడకశిర ఇప్పుడున్న జిల్లాకు ముఖ్యపట్టణం పుట్టపర్తి. అక్కడికీ ప్రపంచం నలుమూలల నుంచి సేవకులు వచ్చారు. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు పాత అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరు అందించింది. ఆ కొళాయి దగ్గర బిందె పట్టుకుని విదేశీ భక్తుడితో ఫొటో దిగిన మాదిగ స్త్రీకి ఆ ఫొటో వల్ల ఏ ముప్పూ లేదు. ఆమె భజనకు వెళ్లినా ముప్పు లేదు. అదే స్త్రీ పక్క వీధి మందిరంలో చేతులెత్తి ప్రార్థిస్తే ఆమె కొడుకు ఉద్యోగం ప్రశ్నార్థకమవుతుంది. సేవ ఒకటే, దాహం ఒకటే, ఆమె కులమూ మారలేదు. తేడా అంతా మూడో పేరాది.

ఈ అసమానతను సరిచేయాల్సింది ఢిల్లీ. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అటకెక్కింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను రెండేళ్ల గడువుతో వేసి, తర్వాత గడువు పొడిగించింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని తీర్మానించింది. తీర్మానం చేయడం తేలిక, ఖర్చు లేని పని. దీన్ని వ్యతిరేకించే దళిత సంఘాల భయాన్నీ కొట్టిపారేయలేం. ఉన్న 15 శాతం కోటాలోకి, మిషన్ బడుల్లో ముందు తరం నుంచే చదువుకున్న కుటుంబాలు వచ్చి చేరితే వెనకబడినవారికి మిగిలేదేమిటని వారు అడుగుతున్నారు. కోటా పంపకం మీద చర్చ జరగాలి. కానీ అత్యాచారాల చట్టం రక్షణకు కోటాతో పని లేదు. దెబ్బ తిన్నవాడికి రక్షణ ఇస్తే ఇంకొకరి వాటా తగ్గదు. కనీసం దాన్నైనా మతంతో ముడిపెట్టకుండా విడదీయవచ్చు. పార్లమెంటు తలచుకుంటే ఒక్క సవరణ చాలు.

అంతదాకా బయటి నుంచి వచ్చేవారు ఏం చేయాలి? రావద్దని చెప్పడం నాకు ఇష్టం లేదు. వీసా నియమాలు వారికి తెలిసే ఉంటాయి. పర్యాటక వీసాపై వచ్చి మత ప్రచారం చేయరాదు. విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయులు సైతం మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నోటిఫికేషన్ చెబుతోంది. ఈ రెండో నియమం మన ప్రవాస తెలుగు కుటుంబాల పిల్లలకు నేరుగా తగులుతుంది. డాలస్‌లోనో, చికాగోలోనో తెలుగు చర్చిల్లో పెరిగి, తాతల ఊరికి సేవకు వచ్చే ఆ పిల్లలకు ఇంట్లో కులం గురించి ఎవరూ చెప్పి ఉండరు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అటువంటి బిల్లు గవర్నర్ సంతకం దగ్గర ఆగిపోయింది. మడకశిరలో బోరుకు చందా ఇచ్చిన చర్చి, తన రాష్ట్రంలో ఆ బిల్లు కోసం ఒక లేఖ రాసిందా? అడగాల్సిన ప్రశ్నే.

ఇక మన పాస్టర్లు ఈ డిసెంబరు నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బృందం బస్సు దిగగానే మూడో పేరా ఏమిటో పావుగంట వివరించడం. ఊరిపేరు, మనిషి పేరు, ముఖం మూడూ కలిసిన చిత్రం, అడిగి ఒప్పుకున్నవారిది తప్ప, బయటికి వెళ్లనివ్వకపోవడం. పదో తరగతి, ఇంటర్ చదువుతున్న పిల్లల ఫొటోలు అసలే తీయనివ్వకపోవడం. ఇప్పటికే నెట్‌లో ఉన్నవాటిని తీసివేయమని రాయడం. చందా తగ్గినా సరే.