మద్రాసు లైట్‌హౌస్ అంటే మెరీనాలో ఉన్నది ఒక్కటేనా?

చెన్నై వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూస్తుంటాను. మెరీనాలో ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్, వెనక సముద్రం, ఒక సెల్ఫీ. తప్పేం లేదు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత భద్రత పేరుతో మూసేసి, 2013లో గానీ జనానికి తెరవలేదు. లిఫ్టు ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళూ పోవచ్చు. కానీ అది వెలిగింది 1977లో. నాకన్నా చిన్నది!

అసలు కథ దాని ముందు మూడింటిది. అప్పట్లో మద్రాసుకి హార్బరే లేదండీ. ఓడలు దూరంగా లంగరేస్తే, కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని, సరుకుని ఒడ్డుకి తెచ్చేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ ఆ అలలకి పగిలిపోద్ది, కుట్టినదైతే కాస్త వంగి తట్టుకుంటది. అలాంటి తీరానికి రాత్రిపూట వచ్చే ఓడకి దీపం ఎంత అవసరమో ఆలోచించండి. 1796లో కోటలోని ఎక్స్ఛేంజి భవనం మీద కొబ్బరినూనె దీపాలు పెట్టారు. ఇప్పుడది ఫోర్ట్ మ్యూజియం. 1844లో కోటకి ఉత్తరాన 125 అడుగుల రాతి స్తంభం లేపారు. 1894లో దీపాన్ని దాని పక్కనే కట్టిన హైకోర్టు గోపురం మీదికి మార్చారు. కోర్టు నెత్తిన లైట్‌హౌస్, చిత్రం కదా! 1914 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఊరి మీద గుళ్ళు పేల్చిన రాత్రికి కూడా మద్రాసు దీపం అక్కడే.

ఆ రాతి స్తంభం ఈ రోజుకీ కోర్టు ఆవరణలో నిలబడి ఉంది. బీచికి పోయినట్టు నేరుగా పోయి చూసేది కాదు. కోర్టన్నాక తనిఖీలు ఉండాలి, కాదనను. కానీ కోర్టు లేని ప్రతి ఆదివారం, గుర్తింపు కార్డు చూసి, టికెట్ పెట్టి, ఇరవై మంది చొప్పున దాని మొదలు దాకా పంపితే నష్టమేంటి? పైకి ఎక్కించమని అడగట్లేదు.

తమిళనాడు సంగతి నీకెందుకయ్యా అంటారేమో. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా కోస్తా, సీమ రైతుల పొలం తగాదాలు పైకోర్టుకెక్కితే ఆ గోపురం కిందికే చేరేవి. మన తాతలు వకీళ్ళ కోసం పడిగాపులు కాసింది అక్కడే. కాబట్టి అక్కడ పెట్టే బోర్డు మీద తెలుగులో కూడా నాలుగు ముక్కలు రాయమని అడిగే హక్కు మనకుంది.

ఈసారి వెళ్ళేవాళ్ళు మెరీనాతో ఆపకుండా ఫోర్ట్ మ్యూజియం కూడా చూసి రండి. శుక్రవారం మాత్రం పోవద్దు, సెలవు.